కెమెరాలో సముద్రం: ఏ కాంతి ఎక్కడిది?

దంతాలపల్లి మండలంలో పారే పాలేరు వాగు నీళ్లు కృష్ణలో కలిసి, దివిసీమ దాటి బంగాళాఖాతం చేరతాయి. మనుషులకు అంత చుట్టుదారి అక్కర్లేదు. వరంగల్–ఖమ్మం రోడ్డెక్కి విజయవాడ మీదుగా బాపట్ల చేరితే సూర్యలంక తీరం మూడు వందల కిలోమీటర్ల లోపే. రాత్రి అన్నం తిని బయల్దేరితే తెల్లారకముందే కెమెరా స్టాండును ఇసుకలో దింపొచ్చు. తొర్రూరు, మరిపెడ, మహబూబాబాద్ వైపు స్టూడియోలు నడిపేవాళ్లకు ఇప్పుడిది అలవాటైన దారి. పెళ్లికి ముందు జంటలను తీసుకెళ్లి షూట్ చేయడం ఒకటైతే, ఏ జంటా లేకుండా కేవలం సముద్రం కోసమే, సూర్యోదయం కోసమే వెళ్లే కుర్రాళ్లు మరికొందరు. రెండో రకం వాళ్లంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ల కోసమే.

వెళ్లొచ్చినవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: "అక్కడ కంటితో చూస్తే సముద్రం నీలంగానే ఉందన్నా, ఫొటోలో మాత్రం తెల్లగా, పాలిపోయి వచ్చింది." తప్పు కెమెరాదే అనుకుని కొత్త లెన్సు కోసం అప్పు చేసినవాళ్లూ ఉన్నారు. అసలు సంగతి లెన్సు ధరలో లేదు. పత్తి చేలోనో, చెరువు కట్ట మీదో ఫొటో తీసేటప్పుడు మన ముందున్న వస్తువు మీద పడి వెనక్కి వచ్చే వెలుగే ఎక్కువ. సముద్రం ముందు నిలబడితే లెన్సులోకి నాలుగు వైపుల నుంచి నాలుగు రకాల వెలుగు వస్తుంది. సూర్యుడి నుంచి నేరుగా వచ్చేది, నీటి పైపొర మీద ప్రతిఫలించే ఆకాశం, నీటి లోపలికి వెళ్లి తిరిగి పైకొచ్చేది, మధ్యలో ఉప్పు తేమతో నిండిన గాలి చెదరగొట్టేది. వీటిలో ఏది కావాలో, ఏది వద్దో ఏరుకోవడమే తీరప్రాంత ఫొటోగ్రఫీ. ఆ ఏరుకునే పద్ధతిని మనకు స్పష్టంగా చూపించినాయన బాల్యం విశాఖపట్నం ఒడ్డునే గడిచింది. ఆయన దగ్గరికి వద్దాం. ముందు సూర్యుణ్ని చూద్దాం.

ఇంటర్నెట్‌లో ఫొటోగ్రఫీ పాఠాలు చెప్పేవాళ్లు ఎక్కువమంది చలిదేశాల వాళ్లు. సూర్యోదయం తర్వాత, సూర్యాస్తమయం ముందు ఒక గంటసేపు బంగారు వెలుగు ఉంటుందని, దాన్ని 'గోల్డెన్ అవర్' అంటారని వాళ్లు చెబుతారు. వాళ్ల ఊళ్లలో అది నిజమే. మన దగ్గర సూర్యుడు ఏటవాలుగా కాక దాదాపు నిటారుగా పైకి లేస్తాడు. విషువత్తు రోజుల్లో, అంటే మార్చి, సెప్టెంబర్ చివరి వారాల్లో, బాపట్ల అక్షాంశం దగ్గర సూర్యుడు గంటకు సుమారు 14.4 డిగ్రీల చొప్పున ఎక్కుతాడు. క్షితిజం నుంచి 6 డిగ్రీల ఎత్తు దాకా వెలుగు బంగారంలా ఉంటుందనుకుంటే, మనకు దొరికేది 25 నిమిషాలు. అదే రోజు లండన్‌లో సుమారు 40 నిమిషాలు. సూర్యబింబం పై అంచు కనిపించినప్పటి నుంచి బింబం మొత్తం నీళ్ల మీదికి వచ్చేదాకా పట్టే సమయం ఇక్కడ రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ, అంతే. ఒడ్డుకు చేరాక స్టాండు విప్పుదాం, ఫిల్టరు వెతుకుదాం అనుకుంటే ఆ పూట పోయినట్టే. సూర్యోదయానికి ముప్పావుగంట ముందే అన్నీ బిగించుకుని ఉండాలి. విశాఖ వెళ్తే మరో లెక్క కూడా గుర్తుపెట్టుకోవాలి: అది మన ఊరికి మూడున్నర రేఖాంశాలు తూర్పున ఉంది కాబట్టి, దంతాలపల్లిలో కంటే అక్కడ సుమారు పావుగంట ముందే పొద్దు పొడుస్తుంది.

సూర్యుడు ఎక్కడ ఉదయిస్తాడన్నది కూడా నెలనెలా మారుతుంది. జూన్ 21న నిజమైన తూర్పుకు ఉత్తరంగా 24 డిగ్రీలకు పైగా జరుగుతాడు. డిసెంబర్ 21న దక్షిణంగా అంతే జరుగుతాడు. మొత్తం తేడా దాదాపు 49 డిగ్రీలు. మన తీరం చాలాచోట్ల ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది, సముద్రం ఆగ్నేయాన ఉంటుంది. అందుకే చలికాలంలో సూర్యుడు నేరుగా నీళ్ల మీంచి లేస్తాడు, ఎండాకాలం చివర్లో ఒడ్డు వెంబడి పక్కగా వస్తాడు. పడవనో, బండనో మధ్యలో పెట్టి దాని వెనక సూర్యుడు రావాలని పథకం వేసుకునేవాళ్లు నెల చూసుకోకుండా వెళ్తే నిరాశే మిగులుతుంది.

ఉదయించే సూర్యుడి ఎరుపుకు కారణం చాలామందికి తెలుసు. లార్డ్ రేలీ లెక్కగట్టి చూపించినట్టు, గాలి అణువులు పొట్టి తరంగాలను ఎక్కువగా చెదరగొడతాయి. తరంగదైర్ఘ్యం సగమైతే చెదరడం 16 రెట్లు పెరుగుతుంది. 450 నానోమీటర్ల నీలం, 650 నానోమీటర్ల ఎరుపుతో పోలిస్తే నాలుగు రెట్లకు పైగా ఎక్కువ చెదురుతుంది. నడినెత్తిన ఉన్న సూర్యుడి వెలుగు దాటే గాలి మందం ఒకటనుకుంటే, క్షితిజం మీది సూర్యుడి వెలుగు అలాంటివి దాదాపు 38 మందాలు దాటుకుని రావాలి. దారిలో నీలమంతా చెదిరిపోగా ఎరుపు, నారింజ మనదాకా వస్తాయి.

అంతగా తెలియని సంగతి ఇంకొకటి ఉంది. సముద్రం అంచును తాకుతూ నిండుగా కనిపించే సూర్యుడు నిజానికి ఆ సమయంలో క్షితిజానికి కిందే ఉంటాడు! వాతావరణం వెలుగును వంచి, బింబాన్ని అర డిగ్రీకి కాస్త ఎక్కువగా పైకెత్తి చూపిస్తుంది. ఆ ఎత్తు సూర్యబింబం వెడల్పు కంటే కొంచెం ఎక్కువే. కింది అంచు పై అంచు కంటే ఎక్కువ వంగుతుంది కాబట్టి బింబం అణిగినట్టు కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది. నీళ్లకు ఆనుకున్న గాలి పొరల్లో వేడి తేడాలుంటే బింబానికి అడుగున పీఠం మొలిచినట్టు కూడా అవుతుంది. పొడవాటి జూమ్ లెన్సు ఉన్నవాళ్లు ఈ వింత కోసమే ఒక పూట కేటాయించుకోవచ్చు. ఒక హెచ్చరిక: బింబం కాస్త పైకి వచ్చాక వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ని నేరుగా చూడకూడదు. చూడాలంటే వెనక తెర మీదే చూడాలి.

ఇక గాలి సంగతి. అలలు విరిగినప్పుడు లేచే తుంపరలు ఎండిపోగా మిగిలిన ఉప్పు రేణువులు తీరం మీద ఎప్పుడూ తేలుతుంటాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఈ రేణువులు నీటిని లాక్కుని ద్రవబిందువులై ఉబ్బుతాయి. తెల్లవారుజామున తీరంలో తేమ ఆ గీతను తరచూ దాటుతుంది. ఉబ్బిన రేణువులు వెలుగు తరంగాల కంటే పెద్దవి కావడంతో నీలం, ఎరుపు అని చూడకుండా అన్ని రంగులనూ చెదరగొడతాయి. ఫలితం తెల్లటి మసక. మనవైపు పొలాల మీద, వాన వెలిసిన మర్నాడు కనిపించే స్పష్టత తీరంలో అరుదుగా దొరకడానికి కారణం ఇదే. ఆ మసక సూర్యుడి వైపు చూసినప్పుడు ఎక్కువ, సూర్యుణ్ని వీపు వైపు పెట్టుకుంటే తక్కువ. మధ్యాహ్నం తీసిన సముద్రం ఫొటో పాలిపోవడంలో సగం నేరం దీనిది. మిగతా సగం నీటి పైపొరది. అక్కడికే వస్తున్నాం.

చంద్రశేఖర వెంకట రామన్ 1888లో తిరుచిరాపల్లిలో పుట్టారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్‌కు విశాఖపట్నంలోని ఏవీఎన్ కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధించే ఉద్యోగం రావడంతో 1892లో కుటుంబం అక్కడికి మారింది. రామన్ సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్ పాసయ్యారు. ఏవీఎన్ కళాశాలలోనే ఇంటర్ స్థాయి చదువు ముగించి మద్రాసు వెళ్లారు. అంటే ఆయనకు ఊహ తెలిసిన నాటి నుంచి కళ్ల ముందున్నది బంగాళాఖాతం. తర్వాతి పరిశోధనకు ఆ బాల్యమే కారణమని నేను అనను. కానీ రోజుకో రంగు మార్చే ఆ నీటిని చూస్తూ పెరిగిన పిల్లవాడే పెద్దయ్యాక సముద్రం రంగు గురించి ఒక మహాశాస్త్రవేత్త మాటను ప్రశ్నించాడన్న సంగతి నాకెప్పుడూ ఆనందం కలిగిస్తుంది.

ఆ మహాశాస్త్రవేత్త లార్డ్ రేలీయే. లోతైన సముద్రపు నీలం నీటిది కాదని, నీటి మీద ప్రతిఫలించిన ఆకాశానిదేనని ఆయన అభిప్రాయం. 1921లో రామన్ ఒక సమావేశం కోసం ఇంగ్లండ్ వెళ్లారు. ఎస్ఎస్ నార్కుండా ఓడలో తిరిగి వస్తూ మధ్యధరా సముద్రపు గాఢ నీలాన్ని చూశారు. అది ఆకాశపు ప్రతిబింబమేనా అన్న అనుమానం వచ్చింది. దాన్ని తేల్చుకోవడానికి ఆయనకు ప్రయోగశాల అవసరం కాలేదు. జేబులో ఉన్న నికాల్ పట్టకం చాలింది.

ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి. కాంతి తరంగం తను సాగే దిశకు అడ్డంగా కంపిస్తుంది. మామూలు ఎండలో ఈ కంపనాలు అన్ని దిక్కుల్లోనూ కలగలిసి ఉంటాయి. నునుపైన నీటి మీద ఏటవాలుగా పడి ప్రతిఫలించినప్పుడు మాత్రం నీటికి సమాంతరంగా కంపించే భాగమే ఎక్కువగా వెనక్కి వస్తుంది. నిలువు గీతకు 53 డిగ్రీల కోణంలో చూస్తే, ప్రతిఫలించే వెలుగులో దాదాపుగా ఆ ఒక్క దిశలోని కంపనమే మిగులుతుంది. దీన్నే ధ్రువణం అంటాం. నికాల్ పట్టకం ఒక దిశలో కంపించే వెలుగునే తనలోంచి పోనిస్తుంది. రామన్ నీటిని ఆ కోణంలో చూస్తూ, పైపొర నుంచి వచ్చే ప్రతిబింబం ఆగిపోయేలా పట్టకాన్ని తిప్పారు. రేలీ చెప్పింది నిజమైతే ఆకాశం ప్రతిబింబంతో పాటే నీలమూ మాయమవ్వాలి. మాయం కాలేదు. పైపొర మెరుపు తొలగిపోయాక లోపలి నీలం మరింత స్పష్టంగా వెలిగింది. నీటి అణువులు కూడా గాలి అణువుల్లాగే వెలుగును చెదరగొడుతున్నాయని ఆయన వాదించారు. ఓడ బొంబాయి చేరేసరికే పరిశోధన లేఖ సిద్ధమైంది. ఆ ఏడాది నవంబరులో 'నేచర్' పత్రికలో అచ్చయింది. ద్రవాల్లో కాంతి ఎలా చెదురుతుందన్న ఆ ప్రశ్నను పట్టుకునే కలకత్తాలో సాగిన పని 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్‌కు, 1930లో నోబెల్ బహుమతికి దారితీసింది.

ఆ తర్వాత తేలిన ఇంకో సంగతిని కూడా చెప్పాలి. సముద్రం నీలంలో చెదరడంతో పాటు నీరు ఎరుపును మింగేయడానికీ పెద్ద పాత్ర ఉంది. కొన్ని మీటర్ల లోతుకు వెళ్లేసరికే ఎరుపు చాలావరకు తగ్గిపోతుంది. మిగిలిన నీలం అణువుల మీద చెదిరి పైకి తిరిగి వస్తుంది. ప్రతిబింబాన్ని పక్కకు తీసి లోపలి వెలుగును వేరుగా చూడాలన్న రామన్ పద్ధతికి మాత్రం ఈనాటికీ తిరుగులేదు.

కెమెరా దుకాణంలో పోలరైజర్ పేరుతో అమ్మే గుండ్రటి ఫిల్టరు చేసేది సరిగ్గా ఆ నికాల్ పట్టకం పనే. లెన్సు ముందు బిగించి మెల్లగా తిప్పుతూ తెరను చూడండి. ఒక చోట నీటి మీది తెల్లటి మెరుపు ఆరిపోయి కింది బండలు, పాచి, నీటి రంగు పైకి తేలతాయి. ఫోను ఉన్నవాళ్లు పోలరైజ్డ్ చలువ కళ్లద్దాన్ని ఫోన్ కెమెరా ముందు పట్టుకుని తిప్పినా ఇదే జరుగుతుంది. ఖర్చు లేని ప్రయోగం, బడి పిల్లలకు కూడా చూపించదగ్గది. ఫిల్టరు ఒకటి రెండు స్టాపుల వెలుగును తినేస్తుంది కాబట్టి షట్టర్ వేగం దానికి తగ్గట్టు తగ్గించుకోవాలి. సూర్యుడికి ఎదురుగా తీసేటప్పుడు ఆకాశం మీద దీని ప్రభావం పెద్దగా ఉండదు. సూర్యుడి దిశకు 90 డిగ్రీల పక్కన ఉన్న ఆకాశం మీదే అది బలంగా పనిచేస్తుంది.

ఫిల్టరు లేకున్నా నిలబడే ఎత్తుతోనే చాలా సాధించవచ్చు. నీటిని నేరుగా పైనుంచి చూస్తే పడ్డ వెలుగులో 2 శాతమే ప్రతిఫలిస్తుంది, మిగతాది లోపలికి పోతుంది. నీటి మట్టానికి దాదాపు సమాంతరంగా, 5 డిగ్రీల వాలులో చూస్తే సగానికి పైగా ప్రతిఫలిస్తుంది. విశాఖలో కైలాసగిరి మీంచి చూసిన సముద్రం అంత నీలంగా, ఒడ్డున కూర్చుని చూసిన అదే సముద్రం అంత వెండిలా ఉండడానికి కారణం ఈ తేడాయే. నీటి సొంత రంగు కావాలంటే గుట్ట ఎక్కండి. ఆకాశాన్ని నీళ్లలో పట్టాలంటే కెమెరాను తడి ఇసుకకు ఆనించేంత కిందికి దించండి. అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద మిగిలే పలుచని నీటిపొర కొన్ని క్షణాలపాటు అద్దమవుతుంది. ఆ క్షణాల కోసం మోకాళ్లు తడుపుకోవడం ఎంతైనా సమంజసం.

కృష్ణా, గోదావరి ముఖద్వారాల దగ్గర వానాకాలంలో నీలం కోసం వెతకొద్దు. నదులు మోసుకొచ్చిన ఒండ్రు రేణువులు అన్ని రంగులనూ వెనక్కి పంపుతాయి. కుళ్లిన ఆకుల నుంచి కరిగి వచ్చే పదార్థాలు నీలాన్ని పీల్చుకుంటాయి. నాచు జాతి సూక్ష్మజీవులు పచ్చదనాన్ని కలుపుతాయి. మట్టిరంగు, ఆకుపచ్చ, వాటి మధ్య పదునైన సరిహద్దు గీత: హంసలదీవి లాంటి సాగర సంగమాల దగ్గర అసలైన దృశ్యం అదే. దాన్ని ఎడిటింగ్‌లో నీలం చేసేయడం నాకు నచ్చదు. ఆ రంగులో సమాచారం ఉంది. ఇస్రో 1999 మే 26న పంపిన ఓషన్‌శాట్-1 నుంచి 2022 నవంబర్ 26న పంపిన ఈఓఎస్-06 దాకా ఉపగ్రహాలు మోసుకెళ్లిన కెమెరాలు సముద్రపు రంగును కొలిచి, ఎక్కడ ఎంత పచ్చదనం ఉందో చెబుతున్నాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇలాంటి సమాచారంతో చేపలు దొరికే అవకాశమున్న చోట్లను మత్స్యకారులకు తెలియజేస్తుంది.

ఆటుపోట్ల సంగతి మన పల్లెల్లో పెరిగినవాళ్లకు అలవాటు లేనిది. చెరువు నీళ్లు పొద్దుటికీ సాయంత్రానికీ కట్ట ఎక్కి దిగవు కదా. తూర్పు తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఈరోజు పోటు వచ్చిన వేళ కంటే రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పౌర్ణమికి, అమావాస్యకు చంద్రుడి లాగుడు, సూర్యుడి లాగుడు ఒకే వరుసలోకి వస్తాయి. అప్పుడు నీరు బాగా ఎక్కుతుంది, బాగా దిగుతుంది. ఆ ఉద్ధృతి తిథి దాటాక ఒకటి రెండు రోజులకు ఎక్కువగా కనిపిస్తుంది. అష్టమి ప్రాంతంలో తేడా తగ్గుతుంది. గోడకు వేలాడే క్యాలెండర్‌లో తిథి చూసుకుంటే నీరు ఎంత కదులుతుందో తెలిసిపోతుంది. ఏ గంటకు ఎక్కుతుందో, ఏ గంటకు దిగుతుందో తెలుసుకోవడానికి మాత్రం ఆ రేవుకు సంబంధించిన ఆటుపోట్ల పట్టిక చూడాలి.

విశాఖలో పౌర్ణమి రోజుల తేడా ఒకటిన్నర మీటర్ల వరకే. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో అది పది మీటర్లు దాటుతుంది. ఒకటిన్నర మీటర్లు ఏమంత అనిపించవచ్చు. కానీ యాభై అడుగులకు ఒక అడుగు చొప్పున దిగే చదునైన తీరంలో ఒకటిన్నర మీటర్లంటే నీటి అంచు 75 మీటర్లు వెనక్కి జరిగినట్టు. అంత మేర తడి ఇసుక బయటపడుతుంది. మంగమారిపేట దగ్గరి సహజ శిలాతోరణం, భీమిలి రోడ్డు వెంట ఉన్న బండలు ఆటు వేళ ఒకలా, పోటు వేళ పూర్తిగా మరోలా ఉంటాయి. సూర్యోదయం, ఆటు ఒకే వేళకు కలిసే రోజులు నెలలో కొన్నే వస్తాయి. ప్రయాణం తేదీని సెలవు చూసి కాకుండా వాటిని చూసి పెట్టుకోవాలన్నది నా అభిప్రాయం.

తడి ఇసుకలో అడుగు వేసినప్పుడు పాదం చుట్టూ ఏం జరుగుతుందో వంగి చూడండి. అప్పటిదాకా నీళ్లతో మెరుస్తున్న ఇసుక, కాలు మోపగానే పాదం చుట్టూ జానెడు మేర ఆరిపోయి తెల్లబడుతుంది. కాలు తీయగానే ఆ గుంటలో నీరు ఊరుతుంది. నొక్కితే నీరు పైకి రావాలి కానీ లోపలికి పోతుందేమిటి? 1885లో ఆస్బర్న్ రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త దీనికి కారణం చెప్పాడు. కుంచంలో తట్టి తట్టి నింపిన వడ్ల లాగా, అలలు కుదిపి కుదిపి సర్దిన ఇసుక రేణువులు ఒకదానికొకటి దగ్గరగా అమరి ఉంటాయి. పాదం నొక్కగానే అవి ఒకదాని మీదుగా ఒకటి జరగాలి. జరగాలంటే విడివడాలి. విడివడితే మధ్యలో ఖాళీలు పెరుగుతాయి. పైనున్న నీరు ఆ ఖాళీల్లోకి దిగిపోతుంది. అందుకే ఆ క్షణంలో ఇసుక గట్టిగా ఉంటుంది. అదే ఇసుకను అటూ ఇటూ కదిపితే నీళ్లలో తేలి మెత్తబడి కాళ్లను మింగేస్తుంది.

ట్రైపాడ్ కుదురుకు కిటుకు ఇందులోనే ఉంది. కాళ్లను ఇసుక మీద ఊరికే ఆనించి వదిలేస్తే మొదటి అల వాటి చుట్టూ ఇసుకను తవ్వుకుపోతుంది, ఫొటో కదులుతుంది. కాళ్లను ఎడంగా చాపి, అడ్డు తగిలేదాకా లోపలికి గుచ్చి, ఒకటి రెండు అలలు పోనిచ్చి, స్టాండు కూర్చున్నాక షట్టర్ నొక్కాలి. మధ్య కడ్డీని పైకి లేపకపోతే ఇంకా మంచిది.

ఇసుకలోనే ఇంకో కథ ఉంది. మన మహబూబాబాద్, వరంగల్ వైపు బండలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్లు. అవి ఎండకూ వానకూ చితికి, మెత్తటి ఖనిజాలు మట్టి అయిపోగా, గట్టి క్వార్ట్జ్ రేణువులు వాగుల్లో ఇసుకగా మిగులుతాయి. వాటిలో కొంత కృష్ణ దారి పట్టి సముద్రం చేరుతుంది. విశాఖ ఇసుక వేరు. తూర్పు కనుమల ఖోండలైట్ శిలల నుంచి వచ్చిన గార్నెట్, నల్లటి ఇల్మనైట్ అందులో కలుస్తాయి. బరువైన ఈ రేణువులను అల వెనక్కి తీసుకుపోలేదు. తేలికైన ఇసుక పోయి ఇవి ఒడ్డున నలుపు, వంకాయ రంగు చారలుగా మిగులుతాయి. క్లోజప్ లెన్సు ఉన్నవాళ్లకు ఒక పూటంతా సరిపడా పని.

విశాఖకూ భీమిలికీ మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలను 1886లో భారత భూగర్భ సర్వే శాస్త్రవేత్త విలియం కింగ్ తొలిసారి నమోదు చేశారు. ఆ సంస్థే 2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి చేరాయి. సుమారు 20 వేల ఏళ్ల క్రితం, మంచుయుగం ముమ్మరంగా ఉన్నప్పుడు సముద్ర మట్టం ఇప్పటికంటే 120 మీటర్ల వరకు కిందికి దిగింది. అలాంటి రోజుల్లో బయటపడ్డ ఇసుకను గాలి ఎత్తి పోసిన కుప్పలు ఈ దిబ్బల్లో ప్రధాన భాగం. రేణువులకు పట్టిన ఐరన్ ఆక్సైడ్ పూతే ఆ ఎరుపు. వాన కోసిన గండ్లు లోతుగా కనిపించాలంటే ఎండ పక్కవాటుగా పడే వేళ కావాలి, నడి మధ్యాహ్నం కాదు. గండ్ల అంచుల మీదికి ఎక్కి నిలబడి ఫొటోలు దిగడం దయచేసి మానండి. గట్టిపడని ఆ మట్టి ఒక్క అడుగుకే కూలుతుంది. మళ్లీ పేర్చేవాళ్లెవరూ లేరు.

అలలను ఎలా పట్టాలన్నది షట్టర్ వేగంతో తేలుతుంది. సెకనులో వెయ్యోవంతులో తీస్తే ప్రతి తుంపరా ఆగిపోతుంది. అర సెకనులో తీస్తే, అల వెనక్కి జారేటప్పుడు నురుగు గీతలు గీతలుగా సాగుతుంది. నా దృష్టిలో అన్నిటికంటే అందమైనది ఇదే, ఎందుకంటే నీరు ఎటు పోతుందో అందులో తెలుస్తుంది. ఎండలో ఇంకా ఎక్కువసేపు షట్టర్ తెరిచి ఉంచాలంటే నల్లటి ఎన్‌డీ ఫిల్టరు కావాలి. పది స్టాపుల ఫిల్టరు వెలుగును 1,024వ వంతుకు తగ్గిస్తుంది. సెకనులో అరవయ్యో వంతు చాలే దృశ్యానికి 17 సెకన్లు పడుతుంది. ఆ సమయంలో ఒకటి రెండు అలలో, అంతకంటే ఎక్కువో వచ్చిపోతాయి, సముద్రం పొగమంచులా మారిపోతుంది. ఫోన్లు వరుసగా చాలా ఫ్రేములు తీసి కలిపి ఇదే ఫలితాన్ని రాబడతాయి.

ఫొటో కోసం వెతికే కన్ను ప్రమాదాన్ని గుర్తుపట్టకపోవడం నిజంగా భయపెట్టే సంగతి. వరుసగా విరుగుతున్న తెల్లటి అలల మధ్య ఒకచోట నురుగు లేకుండా, ముదురు రంగులో, నెమ్మదిగా ఉన్న సందు కనిపిస్తుంది. ఫ్రేములో అది ఎంతో ప్రశాంతంగా ఉంటుంది. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పరుగెత్తే దారి తరచూ అదే. ఈ ప్రవాహం సెకనుకు రెండు మీటర్ల వేగాన్ని కూడా దాటగలదు. ఎంత ఈతగాడైనా దానికి ఎదురీదలేడు. చిక్కుకుంటే ఒడ్డు వైపు కాకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. బావుల్లో, చెరువుల్లో నేర్చిన ఈత సముద్రంలో అక్కరకు రాదు. ఇన్‌కాయిస్ ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తూనే ఉంటుంది. బయల్దేరే ముందు చూసుకోండి. జంటను నీళ్లకు వీపు పెట్టి నిలబెట్టినప్పుడు, అలలను గమనించడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా ఉంచండి.

పరికరాల విషయంలో రెండు ముక్కలు. ఏసీ గదిలో 22 డిగ్రీలకు చల్లబడ్డ లెన్సును, 28 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న ఒడ్డుకు ఉన్నపళంగా తీసుకొస్తే దాని మీద నీరు పడుతుంది, ఎందుకంటే ఆ గాలి మంచుబిందు ఉష్ణోగ్రత సుమారు 25 డిగ్రీలు. గదిలోనే గాలి చొరబడని సంచిలో పెట్టి మూసి, బయట అరగంట వేడెక్కనిచ్చి తీయాలి. లెన్సు మీద ఇసుక పడితే పొడి గుడ్డతో రుద్దకూడదు. క్వార్ట్జ్ కాఠిన్యం 7, మామూలు గాజుది ఆరు కూడా ఉండదు. ముందు ఊదాలి, తర్వాత మంచినీటితో కాస్త తడిపిన మెత్తటి గుడ్డతో ఉప్పు తీయాలి.

చలికాలం చివరి నుంచి వేసవి దాకా సూర్యలంక, హంసలదీవి ప్రాంతాల ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. రాత్రి గుడ్లు పగిలి బయటికొచ్చే పిల్లలు తక్కువ ఎత్తులో ఎక్కువ వెలుగున్న దిక్కుకు నడుస్తాయి. సహజంగా ఆ దిక్కు సముద్రం. మన ఫ్లాష్, టార్చ్, వీడియో లైటు వెలిగితే అవి మనవైపు తిరిగి దారి తప్పి చస్తాయి. ఆ జాతికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. చట్టం సంగతి అటుంచినా, అవి కనిపించిన రాత్రి లైట్లు ఆర్పేయడం మన బాధ్యత.

తీరం ఒకచోట నిలకడగా ఉండదు. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 దాకా ఉన్న చిత్రాలను పోల్చి చూస్తే, దేశ తీరంలో దాదాపు మూడో వంతు కోతకు గురవుతోందని తేలింది. కాకినాడ దగ్గరి ఉప్పాడలో ఇళ్లు, రోడ్డు సముద్రంలో కలిసిపోవడాన్ని మనం చూస్తూనే ఉన్నాం. కృష్ణా డెల్టాకు రావలసిన ఒండ్రులో చాలా భాగం శ్రీశైలం, నాగార్జునసాగర్ లాంటి జలాశయాల్లోనే ఆగిపోతోంది. అల తీసుకుపోయినంత ఇసుకను నది మళ్లీ తెచ్చి పోయలేకపోతోంది.

2017లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కోస్ట్‌స్నాప్ అనే పని మొదలైంది. తీరంలో ఫోను పెట్టడానికి ఒక స్టాండు పాతుతారు. వచ్చినవాళ్లంతా అందులోంచే ఒకే కోణంలో ఫొటో తీసి పంపుతారు. వాటిని వరసగా పేర్చి ఒడ్డు ఎంత జరిగిందో పరిశోధకులు కొలుస్తారు. స్టాండు లేకున్నా మనం ఆ పని చేయొచ్చు. ప్రతి ఏడూ సూర్యలంకకో, హంసలదీవికో వెళ్లేవాళ్లు ఒక స్థిరమైన గుర్తును ఎంచుకోవాలి. లైటు స్తంభమో, గుడి ప్రహరీయో, కదలని బండో ఏదైనా సరే. అది ఫ్రేములో పడేలా ఒకే చోట నిలబడి, అదే లెన్సు వెడల్పుతో ఒక ఫొటో తీసి, తేదీ, గంట, నిమిషం, ఆ వేళకు పోటో ఆటో రాసిపెట్టుకోవాలి. ఆటుపోటు రాయని ఫొటోతో ఒడ్డును కొలవడం కుదరదు, ఎందుకంటే నీటి అంచు ఒక్క పూటలోనే డెబ్బై మీటర్లు జరగగలదని ఇందాకే లెక్క చూశాం. ఫిల్టర్లు, ఎడిటింగ్ లేని అసలు ఫైలును వేరుగా దాచాలి. ఫొటోలో పెళ్లికూతురు ఉన్నా ఫర్వాలేదు, వెనక స్తంభం కనిపిస్తే చాలు.